ఐసు బండి

మా ఇల్లు ఒకప్పుడు ఐసు మోసేది.
రెండుసార్లు రంగేసినా, ముసురు పట్టిందంటే
రేకుల సందుల్లోంచి రొయ్యల వాసన లేచి కూచుంటుంది.
పొడుగు నా చీరలో సగం,
వెడల్పు ఏసురత్నం చేతులు చాపినంత.

ఆరువందల బాతుల వెంట తిరిగేవాళ్ళం.
కోసిన చేలో రాలిన గింజ, గింజ ఉన్నచోట బాతు,
బాతు ఉన్నచోట మా పొయ్యి.
ఇంత తెలిసీ
బయల్దేరిన రోజు నేను సర్దినవి చెబితే నవ్వుతారు.

అప్పడాల పీట. నేనెప్పుడూ అప్పడం వత్తి ఎరగను.
రోలు బరువని వదిలేసి, పొత్రం తెచ్చాను.
ఒక్క పొత్రం ఏం చేస్తుందని అడక్కండి, అది మా అత్తది.
పెళ్ళికి పాస్టరుగారమ్మ ఇచ్చిన గాజు గ్లాసులు ఆరు,
ఇప్పుడు నాలుగు,
ఏ చుట్టమూ ఎక్కని బండిలో, గడ్డిలో చుట్టి.

ఏసురత్నం తక్కువ తిన్నాడా?
సీలింగు ఫ్యాను! మూడు రెక్కలూ పాత లుంగీలో కట్టి
పరుపు కింద పెట్టాడు.
కరెంటేదయ్యా అంటే
"ఉన్నప్పుడు ఉంటుంది" అన్నాడు.
రాత్రి అటు దొర్లితే రెక్క వీపుకి గుచ్చుకుంటుంది.
ఇంకా, టీవీ లేని రిమోటు.
దాని బ్యాటరీలు టార్చికి పనికొస్తాయట.
మా టార్చి ఛార్జింగుది.

మొన్న దాళ్వా కోతల్లో, సఖినేటిపల్లి రేవులో
పంటు వాడు బండి చుట్టూ తిరిగి, టైర్లు తన్ని చూసి
"పాటు మీదుంది, మేట తగులుద్ది, బరువు దించండి" అన్నాడు.
బాతులు ముందే తిమోతితో లారీలో వంతెన మీదుగా వెళ్ళిపోయాయి.
ఇక దించడానికి మిగిలింది మేమూ, మా చెత్తా.

ఒకరి సామాను ఒకరం లాగాం.
నేను ఫ్యాను లాగాను, తను పొత్రం లాగాడు.
ఎండలో పెట్టాక వాటిని చూస్తే సిగ్గేసింది.
లుంగీ ముడి విప్పి పంటు వాడు అన్నాడు గదా
"గాలికి తిరిగేవాళ్ళకి ఫ్యానెందుకమ్మా?"

రేవంతా నవ్వింది. నేనూ నవ్వాను.
ఏసురత్నం నవ్వలేదు.
రెక్క మీద దుమ్ము చొక్కా చేత్తో తుడిచి
"మా లంకలో మొదటి ఫ్యానిది" అన్నాడు,
పంటు వాడితో కాదు, నీళ్ళతో.
ఆ నీళ్ళకి తెలుసు.
ఆ ఫ్యాను వేలాడిన దూలాన్ని, దూలం కింద గోడల్ని,
గోడల కింద మట్టిని
మూడు వరదల్లో బారెడు బారెడు తిన్నది అవే.

నేనేం మాట్లాడలేదు.
పొత్రం ఎత్తుకెళ్ళి బజ్జీల బడ్డీ ఆవిడ కాళ్ళ దగ్గర పెట్టాను.
"పట్టా లేవకుండా ఉంచుకుంటాలే" అంది, చెయ్యి ఆపకుండా.
పీట కూడా అక్కడే.
రిమోటు ఎవరి పిల్లాడో లాక్కుని
గోదారి మీద ఛానళ్ళు మారుస్తూ పరిగెత్తాడు.
ఫ్యాను బండెక్కింది.
ఆ బరువుకి బదులు నేను ఆగిపోయి
వెనక పంటులో వచ్చాను, గ్లాసులు ఒళ్ళో పెట్టుకుని.

నరసాపురంలో దిగి, ఎంత తేలికో అనుకున్నానో లేదో
లేసుల కొట్టు ముందు కాళ్ళు ఆగాయి.
తెల్లటి కర్టెను, అంచున నెమళ్ళు,
ఒక కొసన పోగు ఊడిందని సగం ధర.
కొనేశాను.
మా బండికి కిటికీ లేదు.

ఏసురత్నం చూశాడు. గుడ్ల డబ్బుల లెక్క అడుగుతాడనుకున్నా.
రెండు మేకులు పళ్ళ మధ్య పెట్టుకుని
సుత్తి కోసం వెతికాడు.

ఆ రాత్రి మొగల్తూరు దాటాక, ఎవరిదో చేలో.
తెల్లారగట్ల బాతులు గుడ్లు పెట్టేసి
తిరిగైనా చూడకుండా కాలవలోకి దిగిపోయాయి.
నేను ఏరి, ట్రే నింపి,
ఇంకా వెచ్చగా ఉన్న గుడ్డొకటి చేతిలో ఉండగానే
వెలుగొచ్చిందో లేదో చూద్దామని
కర్టెను పక్కకి లాగాను.

రేకు.
తిరగేసి బిగించిన రేకు మీద, పాత నీలం రంగులో,
ఐసు, రొయ్యలు
ఆర్డరుపై సప్లయి
చేయబ